పందొమ్మిదో పుల్ల

కొండ కింది గార్డు క్వార్టర్సు
జనవరి 11

భూతద్దం అక్కకి,

నువ్వడిగిన ఇరవై ఆరు పుల్లలూ ఈ పెట్టెలో ఉన్నాయి. ఒక్కో గాజు గొట్టంలో ఒక్కటి, మూత మీద చెట్టు నంబరు. జీపు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. దారిలో వాడు పెట్టె మీద కూర్చోకుండా ఉంటే అన్నీ సాబూతుగా అందుతాయి.

నువ్వు పంపిన మాను తొలిచే బోరరు బాగానే పనిచేసింది, నా భుజాలే పనిచేయడం మానేశాయి. పిడి పట్టుకుని తిప్పుతూ ఉంటే నల్లచేవ మానులోకి అది దిగడానికి గంట పడుతుంది. బయటికొచ్చేది పెన్సిలంత పుల్ల. నల్లచేవ ఒక వేలు మందం పెరగడానికి పదేళ్లు తీసుకుంటుందని నువ్వు చెబితే ఏదో పుస్తకాల లెక్క అనుకున్నాను. ఇప్పుడు ఆ పుల్ల మీద గీతలు చూస్తే నమ్మకం కుదిరింది. నన్ను నత్త అంటావే, ఈ చెట్టు ముందు నేను గుర్రాన్ని.

జాబితా కూడా పెట్టాను. చెట్టు నంబరు, ఏ వాగు పక్కన ఉంది, ఏ బాట నుంచి ఎన్ని అడుగులు, చుట్టుకొలత, లోపల గట్టిదా డొల్లా. పదిహేడు గట్టివి, తొమ్మిది డొల్లవి. ఈ లోయలో మిగిలిన నల్లచేవలు ఇవే. ఎప్పుడైనా ఎక్కడైనా దొంగ కలప దొరికితే ఈ పుల్లలతో పోల్చి మా లోయదో కాదో తేల్చేస్తానన్నావు. ఆ అవసరం రాకూడదనే కోరుకుంటున్నాను.

ఇంకొకటి చెప్పాలి, తిట్టకు. కన్నం పెట్టి వదిలేస్తే పురుగు పడుతుందని ప్రతి చెట్టుకీ బిరడా కొట్టాను. దానికి ఎండిన గట్టి కలప కావాలి. నాన్న చేసిన మంచం తాలూకు విరిగిన కోడు అటక మీద ఉంది కదా, అందులోంచి చెక్కాను. సగం కోడు ఇంకా మిగిలింది.

మీ మరదలు నిన్ను అడిగినట్టు చెప్పమంది. ఇప్పుడు అయిదో నెల. బావగారి నడుంనొప్పి తగ్గిందా? ఇక్కడ ఫోను మూడు మాటలకే తెగిపోతుంది, ఉత్తరమే రాయి.

నీ నత్త


రేవు వీధి, రెండో అంతస్తు
ఫిబ్రవరి 2

ఒరేయ్ నత్తా,

పెట్టె అందింది. డ్రైవరు దాని మీద కూర్చోలేదు గానీ టీ గ్లాసు పెట్టినట్టున్నాడు, మూత మీద గుండ్రటి మరక ఉంది.

నాన్న మంచం కోడు తీసి చెట్లకి బిరడాలు కొట్టావా? ఆ మంచం మీద నువ్వు పన్నెండేళ్లు పడుకున్నావురా, పక్క తడిపిన రోజులతో కలిపి. ఆ కోడు విరిగిన రోజు నాన్న మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, తన పనిలో లోపం ఉందని. రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. తర్వాత ఆలోచిస్తే, ఆయనే ఉంటే తనే చిత్రిక పట్టి ఇచ్చేవాడనిపించింది. సరే, మిగిలిన సగం మాత్రం ముట్టుకోకు.

ఇక అసలు తిట్లు. ఇరవై ఆరు పుల్లల్నీ సానబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కో గీతా లెక్కపెట్టాను. కళ్లు కాయలు కాచాయి. ఏడో గొట్టంలో పుల్లా పందొమ్మిదో గొట్టంలో పుల్లా ఒకే చెట్టువి. అవే గీతలు, అదే కరువు ఏడాది దగ్గర అదే సన్నటి గీత, లోపలి కొస దగ్గర అదే పొడి. ఏడు దగ్గర నిలబడి రెండు పుల్లలు లాగి, ఒకదాని మీద పందొమ్మిది అని రాసి పంపావు. నన్నే మోసం చేద్దామనుకున్నావా? చిన్నప్పుడు ఎక్కాలు కూడా ఇలాగే ఒకటి రెండుసార్లు చదివి రెండోది ఎగ్గొట్టేవాడివి. వెళ్లి పందొమ్మిదోది మళ్లీ తీసి పంపు.

ఈ పనికి మాత్రం నిన్ను మెచ్చుకోవాలి. ఇంత వివరంగా ఇంతవరకూ ఎవరూ రాయలేదు. ఈ చెట్ల కోసం నేనూ ఒక పని మొదలుపెట్టాను. ఇప్పుడే చెప్పను, పూర్తయ్యాక చెబుతాను. విన్నాక నువ్వు నన్ను భూతద్దం అనడం మానేసి గౌరవంగా పిలుస్తావు.

మీ బావగారు క్రేను దిగి ఇంటికొచ్చి చాప మీద బోర్లా పడుకుంటున్నారు, నడుం అలాగే ఉంది. మరదలిని బరువులు ఎత్తవద్దను.

అక్క


గార్డు క్వార్టర్సు
ఫిబ్రవరి 20

అక్కా,

దొరికిపోయాను. ఆ రోజు వాన దంచేసింది, కాళ్లకి జలగలు. పందొమ్మిది ఉన్న చోటికి వాగు దాటి ఎక్కాలి. ఎటూ డొల్ల చెట్టే కదా అని కక్కుర్తి పడ్డాను. వీలు చూసుకుని మళ్లీ తీస్తాను.

వీలు మాత్రం ఇప్పట్లో లేదు. కొండకి అవతలి వైపు మంటల కాపలాకి మా అందరినీ పంపిస్తున్నారు. పన్నెండు రోజులు. ఈ లోయలో ఎవరూ ఉండరు. నాకది నచ్చలేదు, రేంజరుగారితో చెప్పాను. నీ చెట్లు ఎక్కడికీ నడిచిపోవులేవయ్యా అన్నారు.

నువ్వు చేస్తున్న ఆ పనేంటి? మీ మరదలు ఊహిస్తూనే ఉంది. నీకు పెద్ద ఉద్యోగం వస్తోందని దాని అనుమానం.

నత్త


రేవు తనిఖీ షెడ్డు
మార్చి 24

తమ్ముడూ,

మంటల కాపలా అయిపోయిందా? అయిపోతే ఈ ఉత్తరం చదివిన వెంటనే లోయకి వెళ్లు. ఎవరికీ చెప్పకుండా ముందు నువ్వొక్కడివే వెళ్లి చూడు.

సోమవారం ఇక్కడికి పలకలు వచ్చాయి. కాగితాల్లో మామూలు కలప, పెట్టెలు చేసేది అని ఉంది. పైన గోధుమ రంగు పూసి ఉంది. రంగు పూసిన పలక నాకు ఎప్పుడూ అనుమానమే, పెట్టెలు చేసే కలపకి ఎవరు సింగారం చేస్తారు? బ్లేడుతో గీసి, నీళ్లతో తడిపి, భూతద్దం పెట్టాను. నల్లచేవ. నా పదహారేళ్ల ఉద్యోగంలో ఇంత మంచి నల్లచేవ చూడలేదు. ఎక్కడా పగులు లేదు, పుచ్చు లేదు.

ఎక్కడిదో అనుకున్నాను. నాలుగో పలక మీద రంగు గీసేసరికి తెల్లగా ఒక చుక్క కనిపించింది. చిటికెన వేలి గోరంత. పొరపాటున పడిన మచ్చ కాదు, సరిగ్గా గుండ్రంగా ఉంది. కొంచెం గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. షెడ్డులో చుట్టూ డీజిలు వాసన, తారు వాసన. అయినా నాకు నాన్న పనిగది గుర్తొచ్చింది. అక్కడే కింద కూర్చున్నాను. కూలీలు ఎండదెబ్బ అనుకుని నీళ్లు తెచ్చారు.

నువ్వు కొట్టిన బిరడా అది. అలాంటివి ఇప్పటికి తొమ్మిది పలకల్లో కనిపించాయి.

సరుకు ఆపించాను. మా సెక్షన్ పెద్దాయన సంతకం పెట్టారు. నువ్వు వెళ్లి చూసి రాయి. అన్నం తిని వెళ్లు.

అక్క


గార్డు క్వార్టర్సు
మార్చి 29

అక్కా,

వెళ్లాను. పదిహేడు మోళ్లు.

కాపలా నుంచి వచ్చాక మమ్మల్ని ఆఫీసు పనుల్లో పెట్టారు, లేకపోతే ముందే చూసేవాణ్ణి. కోసినచోట రంపపు పొట్టు ఇంకా అలాగే ఉంది. మోళ్ల మీద ఆకులు కప్పి పోయారు, సిగ్గున్నవాళ్లలాగా. మూడో చెట్టు పక్కన చిన్న మొక్కలకి కర్రలు పాతి దడి కట్టాను, దాని మీంచే దుంగ దొర్లించారు. నేను అక్కడ కూర్చుని ఏడ్చాను. చెబితే నవ్వుతావేమోనని రాయకూడదనుకున్నాను గానీ రాస్తున్నాను.

ఒక సంగతి నాకు మింగుడుపడటం లేదు. పోయినవి పదిహేడూ గట్టి చెట్లే. డొల్లవి తొమ్మిదింట్లో ఒక్కదాని మీద గొడ్డలి గాటు కూడా లేదు. బయట నుంచి చూస్తే ఏది గట్టో ఏది డొల్లో నాకే తెలియదు, బోరరు దింపాకే తెలిసింది. దొంగలు ఎప్పుడూ నాలుగు చెట్లు కొట్టి చూసి, డొల్ల అయితే వదిలేసి పోతారు. వీళ్లు ఒక్కటీ తప్పు కొట్టలేదు. దారి కూడా వెతుక్కోలేదు, బాట మీంచి నేరుగా చెట్టు దగ్గరికే వెళ్లారు.

వాళ్ల చేతిలో జాబితా ఉంది అక్కా. జాబితా రాసింది నేను. ఒక కాపీ నా ట్రంకు పెట్టెలో ఉంది, ఇంకొకటి నీకు పంపాను. నా ట్రంకుకి తాళం ఉంది, తాళం మొలతాడుకి ఉంది.

నీ దగ్గరున్నది ఎవరైనా చూశారా?


రేవు వీధి
ఏప్రిల్ 6

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. సంగతులు తెలిసి చాలా బాధ కలిగింది. ధైర్యంగా ఉండు.

ఇక్కడ పని వేగంగా జరుగుతోంది. పలకల్ని నీ పుల్లలతో పోల్చాను. పదిహేడు చెట్లలో పదమూడు కచ్చితంగా సరిపోయాయి, మిగతావి కూడా సరిపోతాయి. సరుకు ఒక కోతమిల్లుది. ఇదివరకు మూడుసార్లు ఆ మిల్లు మీద కేసు పెట్టి నిరూపించలేకపోయారట. ఈసారి నిరూపించగలమని పెద్దాయన అంటున్నారు. కోర్టులో నిపుణురాలిగా నేనే సాక్ష్యం చెప్పాలి. నీకూ నాకూ ఉన్న చుట్టరికం ఇక్కడ ఎవరికీ తెలియదు. పుల్లలు పంపింది ఒక గార్డు అని మాత్రమే ఫైల్లో ఉంది.

జాబితా సంగతి అడిగావు. నా బీరువాలో భద్రంగా ఉంది. తాళం నా దగ్గరే ఉంటుంది.

మరదలి ఆరోగ్యం జాగ్రత్త. బావగారు నిన్ను అడిగినట్టు రాయమన్నారు.

ఇట్లు
అక్క


గార్డు క్వార్టర్సు
ఏప్రిల్ 19

అక్కా,

నన్ను సస్పెండు చేశారు. యూనిఫాం, విజిలు, ఫోను తీసుకున్నారు. వచ్చే నెలాఖరుకి క్వార్టర్సు ఖాళీ చేయాలి. మీ మరదలు కుట్టుమిషను సర్దుతూ, మళ్లీ విప్పి కుడుతూ ఉంది. ఇప్పుడు ఎనిమిదో నెల, ఇల్లు ఎవరిస్తారో చూడాలి.

ట్రంకులో జాబితా దొరికింది. నేను లేని పన్నెండు రోజులే దొంగలకి ఎలా తెలిశాయి, గట్టి చెట్లేవో ఎలా తెలిశాయి అని అడుగుతున్నారు. కాపలాకి పోతున్నట్టు ఊరందరికీ తెలుసు, చెట్ల సంగతి మాత్రం జాబితాలో తప్ప ఎక్కడా లేదు. వాళ్ల తప్పు లేదు, నేనైనా నన్నే అనుమానిస్తాను. నాతో పదేళ్లుగా ఒకే గిన్నెలో తిన్న గార్డులు దారిలో ఎదురైతే బూటు లేసు కట్టుకోవడానికి వంగుతున్నారు.

విచారణకి వచ్చినాయన మంచివాడే. "జాబితా ఇంకెవరికైనా ఇచ్చావా? ఇచ్చి ఉంటే చెప్పు, నీకే మంచిది" అన్నాడు. ఎవరికీ ఇవ్వలేదన్నాను. "మరి పుల్లలతో పాటు ల్యాబుకి పంపలేదా?" అన్నాడు. పుల్లలే పంపాను, జాబితా పంపలేదన్నాను.

ఎందుకలా చెప్పానంటే, నీ ఉత్తరం. ముప్పై ఏళ్లలో నువ్వు నన్ను ప్రియమైన తమ్ముడు అని ఎప్పుడూ పిలవలేదు. మూడుసార్లు చదివాను, ఒక్క తిట్టు లేదు. పందొమ్మిదో పుల్ల ఇంకా పంపలేదేం అని కూడా అడగలేదు. నాకు భయమేసింది.

ఏం జరిగింది అక్కా?


రేవు వీధి
ఏప్రిల్ 27

ఒరేయ్,

ఏం జరిగిందో రాస్తున్నాను. ఇది నాలుగో కాగితం, మూడు చింపేశాను.

ఆ చెట్ల కోసం ఒక పని మొదలుపెట్టానని చెప్పాను కదా. ఆ ఇరవై ఆరు చెట్లనీ ఎప్పటికీ ఎవరూ ముట్టుకోకుండా ప్రత్యేక రక్షణ కిందికి తెమ్మని ప్రతిపాదన రాశాను. ఆర్డరు వచ్చాక దాన్ని ఫ్రేము కట్టించి నీకు పంపాలనుకున్నాను. అలాంటి ప్రతిపాదన ఏదైనా ముప్పై రోజులు నోటీసు బోర్డు మీద పెట్టాలి, అభ్యంతరాలు ఉన్నవాళ్లు చెప్పుకోవడానికి. నిబంధన. ఫిబ్రవరిలో క్లర్కు వచ్చి "వెనకున్న జాబితా కూడా అంటించాలా మేడమ్?" అని అడిగాడు. పాపం అతనికే అనుమానం వచ్చింది. నాకు రాలేదు. "నిబంధన అంటే నిబంధనే, మొత్తం పెట్టు" అన్నాను.

నీ జాబితా, వాగులూ బాటలూ అడుగులూ గట్టీ డొల్లా అంతా, ముప్పై రోజులు మా వరండాలో గోడ మీద ఉందిరా.

ఆ బోర్డు ఎవరూ చూడరు. ఒక్కాయన చూశాడు. నెరిసిన జుట్టు, మర్యాదస్తుడిలా ఉన్నాడు, నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. నేను అటు వెళుతుంటే, పెన్ను రాయడం లేదమ్మా అన్నాడు. నా పెన్ను ఇచ్చాను. "చెట్లంటే ఇష్టమాండీ?" అన్నాను. "ప్రాణమమ్మా" అన్నాడు. ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను, ఇలాంటివాళ్లు కూడా ఉన్నారని మీ బావగారితో చెప్పాను.

ఏప్రిల్ అయిదున పలకలు విడిపించుకోవడానికి మిల్లువాళ్లు షెడ్డుకి వచ్చారు. ముందు నడిచింది ఆయనే. నన్ను గుర్తుపట్టి పలకరింపుగా తలూపాడు. ఆ మర్నాడే నీకు ఆ ఉత్తరం రాశాను. జాబితా బీరువాలో ఉందన్నది అబద్ధం కాదు, బోర్డు మీంచి తీశాక బీరువాలోనే పెట్టాను. అబద్ధం కాని మాట రాసి నిన్ను మోసం చేశాను.

పెద్దాయనకి చెప్పాను. ఆయన లేచి తలుపు మూశారు. తర్వాత "మీరిది కాగితం మీద పెడితే మీ సాక్ష్యం పోతుంది. గార్డు మీ తమ్ముడని, దొంగలకి దారి చూపించింది మీ కాగితమేనని మిల్లు లాయరు లేచి చెబుతాడు. పలకలు మళ్లీ ఆ మిల్లుకే పోతాయి. వచ్చే ఏడాది ఇంకో లోయ. ఆలోచించుకోండి" అన్నారు.

నేను నోరు విప్పకపోతే మిల్లు మూతపడుతుంది, నీ ఉద్యోగం పోతుంది, జైలు కూడా కావచ్చు. నోరు విప్పితే నువ్వు బయటపడతావు, వాడూ బయటపడతాడు. నాకేమీ తోచడం లేదు. నన్ను తిట్టు.

అక్క


గార్డు క్వార్టర్సు
మే 5

అక్కా,

తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను. అంత చదివావు, గీతలో గీత లెక్కపెడతావు, కళ్ల ముందున్న మనిషి కనబడలేదా? పెన్ను కూడా ఇచ్చావా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నాతో చెప్పి చేసుంటే ఆ కాగితాన్ని నేను బోర్డు ఎక్కనిచ్చేవాణ్ణా? ఆర్డరు ఫ్రేము కట్టించాలనుకుందట. మోళ్లకి కట్టించు ఫ్రేము.

అయిపోయింది. ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తను.

ఇప్పుడు చెబుతున్నాను విను. నోరు విప్పకు. చెట్లు ఎలాగూ పోయాయి, వాడు కూడా తప్పించుకుంటే పదిహేడూ ఉత్త పుణ్యానికి పోయినట్టు. నా మీద జాబితా రాశాడన్న రుజువు తప్ప ఏమీ లేదు, డబ్బు తీసుకున్నట్టు చూపించలేరు. జైలు ఉండదు. ఉద్యోగం పోతే పోతుంది. నాన్న పనిముట్లు ఉన్నాయి, మంచాలు చేసుకు బతుకుతాను. కోడు విరగని మంచాలు.

నత్త

వదినా, ఈ కింద నేను రాస్తున్నాను. కవరు అంటించమని నా చేతికిచ్చి ఆయన నీళ్లకి వెళ్లారు. ఆయన చెప్పినట్టు చేయకండి. ఆయన మంచితనం నాకు తెలుసు, దాంతోనే కాపురం చేస్తున్నాను. కానీ పుట్టబోయే బిడ్డని బడిలో దొంగ గార్డు బిడ్డ అంటే, మీ నాన్న మంచితనం వల్ల అలా అంటున్నారమ్మా అని నేను సర్దిచెప్పలేను. చెట్లు ముఖ్యమే. మేము కూడా ఉన్నాం. మీ తప్పు మీరు చెప్పుకోండి వదినా. కోపంతో రాయడం లేదు, మీరంటే నాకు ఇప్పటికీ గౌరవమే.


రేవు వీధి
మే 16

నత్తా, మరదలా, ఇద్దరికీ,

ఇచ్చేశాను. మూడు పేజీలు, మూడు కాపీలు. ఒకటి మీ విచారణాధికారికి, ఒకటి కోర్టుకి, ఒకటి మా పెద్దాయనకి. బోర్డు సంగతి, పెన్ను సంగతి, నువ్వు నా తమ్ముడివన్న సంగతి, జాబితా పంపలేదని నువ్వు నా కోసం అబద్ధం చెప్పావన్న సంగతి. అన్నీ రాశాను. సంతకం చేసే ముందు మూడుసార్లు పెన్ను మూత పెట్టి తీశాను. మరదలా, నీ నాలుగు మాటలు బల్ల మీద పెట్టుకుని రాశాను.

నన్ను ల్యాబు నుంచి తీసేశారు. ఇప్పుడు కింద పాత ఫైళ్ల గదిలో కూర్చుంటున్నాను. కిటికీ లేదు, ఎలుకలున్నాయి. భూతద్దం మాత్రం వెనక్కి ఇవ్వలేదు, అది నా సొంతం.

కేసు పూర్తిగా పోలేదు, నిలబడుతుందని కూడా ఎవరూ చెప్పడం లేదు. నా సాక్ష్యం చెల్లదన్నారు. వేరే ఊరి నుంచి ఇంకో నిపుణుణ్ణి పిలిపిస్తున్నారు. ఆయన అన్నీ మొదటి నుంచి తనే చూడాలి, నేను పక్కన నిలబడి జవాబులు చెప్పవచ్చు, అంతే. లాయరు అప్పుడే గొడవ మొదలుపెట్టాడు, పుల్లలు పంపింది గార్డు, చూసింది అక్క, వీళ్లు ఏదైనా కల్పించగలరు అని.

అందుకే ఆ సగం కోడు కావాలి. బిరడా మనం కల్పించలేం కదా. పలకలో ఉన్న బిరడా గీతా, కోడులో ఉన్న గీతా ఒకే చెక్కవని వాళ్లే చూసుకుంటారు. నాకు పంపకు. కోర్టుకి నేరుగా, రిజిస్టరు పార్సిలులో పంపు. ముట్టుకోవద్దన్న కోడు నేనే అడుగుతున్నాను చూడు.

అక్క


రోడ్డు గేటు, గార్డు గది
జూన్ 21

అక్కా,

పాప పుట్టింది. నీ ముక్కే. పుట్టిన గంటకే అందర్నీ తప్పుపట్టినట్టు చూసింది, మీ మరదలు చూడగానే వదిన పోలిక అంది.

సస్పెన్షను ఎత్తేశారు. కానీ అడవిలోకి కాదు, ఇక్కడ రోడ్డు గేటు దగ్గర వేశారు. లారీ వస్తే గేటు ఎత్తాలి, పోతే దించాలి. అబద్ధం చెప్పినందుకు ఒక మెమో ఇచ్చారు. బూటు లేసులు కట్టుకున్నవాళ్లు ఇప్పుడు పాపకి గౌన్లు తెచ్చారు. తీసుకున్నాను, ఏం చేస్తాం.

కోడు పంపించాను. ప్యాకింగు చేస్తుంటే కింద నాన్న పెన్సిలుతో గీసిన గుర్తు కనబడింది, అది చెరిగిపోకుండా బట్ట చుట్టాను.

గేటుకి వచ్చేముందు ఒక్కసారి లోయకి పోనిచ్చారు. డొల్ల చెట్లు తొమ్మిదీ నిలబడి ఉన్నాయి. మిల్లువాడు వాటి జోలికి రాడు, వాడి దగ్గరున్న కాగితం అలా చెబుతోంది. వాగు దాటి పందొమ్మిది దగ్గరికి కూడా వెళ్లాను. నిండా కాయలు.

నీకు ఇవ్వాల్సిన పుల్ల ఒకటి నా దగ్గర ఉంది. జనవరిలో తీసిందే. జానెడు పైన పొడుగు, ఈ కొస నుంచి ఆ కొస దాకా నలుపు, ఎక్కడా విరగలేదు. చేతిలో పెట్టుకుని చూశాక కాగితం మీద ఉన్నదున్నట్టు రాయడానికి మనసొప్పలేదు. నువ్వంటే నమ్మకం లేక కాదు. కాగితమంటే నమ్మకం లేక. పాపని చూడటానికి వచ్చినప్పుడు చూపిస్తాను.

ఆ రోజు వాన పడలేదక్కా.

నత్త


రేవు వీధి
జూలై 3

ఒరేయ్ నత్తా,

నీ ఉత్తరం సోమవారం అందింది. బద్ధకం, కక్కుర్తి, మోసం అని ఎన్ని తిట్లు తిట్టాను నిన్ను. అన్నీ పడి, జలగల కథ చెప్పి ఊరుకున్నావు. రెండు పుల్లలు ఒకే చెట్టువని కనిపెట్టినందుకు నా భూతద్దాన్ని నేనే మెచ్చుకున్నాను కూడా. ఫైళ్ల గదిలో ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను, తర్వాత ఏడ్చాను. ఎలుకలు తప్ప ఎవరూ చూడలేదు.

మంగళవారం కొత్త నిపుణుడు నన్ను పైకి పిలిపించాడు. చిన్నవాడే, చాలా శ్రద్ధగా పనిచేస్తాడు. బిరడా, కోడు సరిపోయాయని ముఖం చూస్తేనే తెలుస్తోంది, పైకి చెప్పడు. కోర్టు ఏమంటుందో ఇంకా తెలియదు. వాయిదా మళ్లీ పడింది.

లేవబోతుంటే ఆగమన్నాడు. "మేడమ్, ఏడూ పందొమ్మిదీ ఒకే చెట్టు పుల్లలు. మీరు చూడలేదా?" అన్నాడు. పక్కన మిల్లు లాయరు మనిషి కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. బయట వరండాలో అదే నోటీసు బోర్డు.

ఈ పదహారేళ్లలో నేను ఒక్క తప్పుడు మాట రాసి ఎరగను, చెప్పి ఎరగను. నీకు రాసిన ఆ ఒక్క ఉత్తరం తప్ప. మూడు పేజీలు నిజం రాసి ల్యాబు పోగొట్టుకుని రెండు నెలలు కాలేదు.

"చూశానండీ. మా తమ్ముడు ఒట్టి బద్ధకస్తుడు. వానకి భయపడి వాగు దాటలేదు" అన్నాను.

"మరి పందొమ్మిదో చెట్టు మళ్లీ పరీక్ష చేయించాలా?"

"డొల్ల చెట్టండీ. పొయ్యిలోకి తప్ప పనికిరాదు. అంత దూరం ఎవరెక్కుతారు?"

ఆయన రెండు పుల్లల్నీ తిరిగి గొట్టాల్లో పెట్టాడు. తర్వాత "గార్డు నిర్లక్ష్యం" అని రాసుకుని, చదివి వినిపించి, నా చేత సంతకం పెట్టించుకున్నాడు. ఈసారి ఒక్క గీతలో పెట్టేశాను. లాయరు మనిషి కూడా అదే రాసుకున్నాడు. అతనికి పెన్ను నేనివ్వలేదు.

ఆ ముక్క నీ సర్వీసు పుస్తకంలో ఎక్కుతుంది. రిటైరయ్యేదాకా ఉంటుంది. భరించు. పాపకి పదేళ్లొచ్చాక చేయి పట్టుకుని వాగు దాటించు, అప్పటికి ఆ చెట్టు ఇంకో వేలు మందం పెరుగుతుంది.

వచ్చే నెల వస్తున్నాను. ఆ పుల్ల చూపించు, మళ్లీ దాచెయ్. ఉత్తరాల్లో దాని మాట ఇంక ఎత్తకు.

ఆ రోజు కుండపోతగా వాన కురిసిందిరా. ఎవరడిగినా అదే చెప్పు.

భూతద్దం